లేనన్న మనిషి

జ్వరం తగ్గి ఆసుపత్రి నుంచి వచ్చిన మా సనోబరక్క, మర్నాడు పొద్దున నేను పోసిచ్చిన టీ గిన్నెను మర్యాదగా పక్కకు జరిపి, "వద్దు రైహోన్, వృథా చేయకు. ఇక్కడ తాగేవాళ్ళెవరూ లేరు" అంది.

నేను నవ్వాను. మా అక్క మాట ఎప్పుడూ వంకరగానే ఉండేది మరి. ఆమె నాకు తోబుట్టువు కాదు, తోడికోడలు. ఖుజంద్‌లో మాది ఒకే ప్రహరీ లోపల రెండిళ్ళు. పెద్దింట్లో ఆమె, మా బావగారు కమాలిద్దీన్. ఇవతలింట్లో నేనూ మా ఆయన షరీఫూ. కొత్తకోడలిగా వచ్చిన నాకు చేతి మీద వెంట్రుకలు కాలకుండా తందూరు గోడకు రొట్టె కొట్టడం నేర్పింది ఆమే. నేర్పుతూ, "కాలితే కాలనీలే, మీ ఆయనెలాగూ చెయ్యి చూడడు, రొట్టే చూస్తాడు" అని ఏడిపించింది కూడా ఆమే.

అందుకని ఆ పొద్దున అది వేళాకోళమనుకుని, గిన్నె మళ్ళీ ఆమె ముందుకు తోశాను. ఆమె ఆ గిన్నెనూ నన్నూ కాసేపు చూసి, తప్పిపోయిన పిల్లని చూసినట్టు జాలిగా తల ఊపింది.

మా బావగారిని ఊళ్ళో అందరూ దొముల్లా అంటారు, పంతులుగారని. టీచర్లను తయారుచేసే కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవాడు. పాత ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ వాళ్ళిచ్చిన పుస్తకాలే చెప్పాల్సి వచ్చేది. కానీ ఏటా మొదటి పాఠం మాత్రం ఆయన సొంతం. పిల్లలందర్నీ కళ్ళు మూసుకోమనేవాడు. చేతులు లేవనుకోండి, కాళ్ళు లేవనుకోండి, ఏమీ కనబడదు, వినబడదు, అమ్మ పేరు మరిచిపోయారు, ఊరి పేరు మరిచిపోయారు, అన్నీ తీసేశాక ఏం మిగిలింది చెప్పండి అని అడిగేవాడు. కాసేపటికి ఎవరో ఒకరు మెల్లగా "నేను" అనేవాళ్ళు. అప్పుడాయన కళ్ళు తెరవమని, "అదీ! ఆ ఒక్కటీ మీ దగ్గర్నుంచి ఎవడూ లాక్కోలేడు" అనేవాడు. ఆ రోజు ఇంటికి కొత్త పెళ్ళికొడుకులా వచ్చేవాడు. అక్క వాకిట్లో చెక్కమంచం మీద దస్తర్ఖాన్, అదే భోజనాల గుడ్డ, పరుస్తూ, "రైహోన్, మీ బావగారు ఈ ఏడు కూడా ఉన్నారట, రుజువైందట. ఇంకో రెండు రొట్టెలు తీసుకురా" అనేది. ఆయన కోపం వచ్చినట్టు ముఖం పెట్టేవాడు గానీ, ఆ మాట కోసమే ఎదురుచూసేవాడని నాకు తెలుసు.

జ్వరం మెదడుకెక్కిందని ఆసుపత్రిలో చెప్పారు. మేం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మనిషి తిరిగొచ్చింది, నడుస్తోంది, మాట్లాడుతోంది, ఇంకేం కావాలి? కానీ రోజులు గడిచేకొద్దీ ఆమె తిండి తగ్గింది. తల దువ్వుకోవడం మానేసింది. ఎందుకు దువ్వుకోవు అంటే, ఎవరి తల అంది. బావగారిని కూతురు పుట్టినప్పట్నుంచీ "తహ్మీనా నాన్నా" అని పిలిచిన మనిషి, వీధిలో వాళ్ళలాగా "దొముల్లా" అని పిలవడం మొదలుపెట్టింది. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు ఆయన వెనక ఎవరైనా వచ్చారేమోనని తలుపు వైపు చూశాడు.

ఖుబానీలు పండే రోజులు. నేను వాకిట్లో కూర్చుని పళ్ళు చీల్చి గింజలు తీసి ఎండకు పరుస్తున్నాను. వాళ్ళిద్దరూ ద్రాక్షపందిరి కింద ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన పాఠానికి సిద్ధమై వచ్చినవాడిలా ఉన్నాడు. చొక్కా కూడా మార్చుకున్నాడు.

"సరే, నువ్వు లేవు. ఒప్పుకున్నా," అన్నాడు. "మరి లేనని చెప్తున్నదెవరు?"

"ఎవరూ చెప్పట్లేదు దొముల్లా. మాట వస్తోందంతే. పంపులోంచి నీళ్ళొస్తాయి చూడండి, అలా. పంపుకేం తెలుసు?"

"నా మాట వినబడుతోందా?"

"వినబడుతోంది."

"ఎవరికి?"

ఆమె నిజంగానే వెతికింది, ఇంట్లో తాళంచెవి కోసం వెతికినట్టు. "చూశాను. ఎవరూ కనబడలేదు," అంది.

ఆయన చెయ్యి చాచి ఆమె ముంజేతిని గిల్లాడు. గట్టిగానే గిల్లాడు. ఎర్రగా మచ్చ తేలింది.

"నొప్పిగా లేదూ?"

"నొప్పి ఉంది. నాది కాదు."

ఆయన ఇంకో ప్రశ్న అడగబోయి ఆగిపోయాడు. తను పిల్లల దగ్గర్నుంచి ఒక్కొక్కటే తీసేసిన చేతులూ కాళ్ళూ, అమ్మా ఊరూ అన్నీ ఈమె దగ్గర ఉన్నాయి. ఎవరూ లాక్కోలేరని చెప్పిన ఆ చివరిది ఒక్కటే లేదు. నేను ఖుబానీలు చీల్చడం ఆపేశానని ఆయన గమనించి, తడిసిన కళ్ళతో నాకేసి చూసి, లేచి లోపలికెళ్ళిపోయాడు. ఆయన మార్చుకున్న చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయి ఉంది.

ఊళ్ళో పిచ్చివాళ్ళను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఆ జబ్బుకు పేరుందన్నాడు, పాత వైద్యుల పుస్తకాల్లో కూడా రాసి ఉందన్నాడు. మందు మాత్రం మన దగ్గర లేదు, బయటి నుంచి రావాలి, మూసేసిన సరిహద్దు మళ్ళీ తెరిస్తే తెప్పించుకోండి అన్నాడు. ఆమెతో వాదించకండి, అలాగని ఆమె చెప్పినదానికి ఒప్పుకోకండి అని కూడా చెప్పాడు. మరేం చేయమంటారు అని బావగారు అడిగితే, డాక్టరు కిటికీలోంచి చూస్తూ, తినిపించండి అన్నాడు. అదే మాకు చేతకానిది. ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి చూశారు. ఆమె గొడవేమీ చేయలేదు. ఎవరూ చూడనప్పుడు దాన్ని జాగ్రత్తగా తీసి మడతపెట్టి దిండు మీద పెట్టేసేది. చివరికి ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

ఆడవాళ్ళ కూటాల్లో దువాలు చదివే ఓతిన్ అవ్వను పిలిపించాను. మా పేటలో పుట్టుకకైనా చావుకైనా ఆమే రావాలి. అవ్వ అక్క తల మీద చెయ్యి వేసి చదివి, ఊది, "నీ పేరేంటి బిడ్డా?" అంది.

"ఈ ఇంట్లో సనోబర్ అని ఒకావిడ ఉండేదవ్వా. మంచిదే. కాస్త నోరెక్కువ," అంది అక్క.

అవ్వ చేతిని వెనక్కి తీసుకుంది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నాతో, దయ్యమైతే పేరు చెప్తుంది, దీనికి పేరే లేదు, దీన్ని నేను తియ్యలేను అని చెప్పింది.

తహ్మీనా వస్తే తెలివొస్తుందేమోనని కబురు పెట్టాం. తహ్మీనా వాళ్ళకొక్కతే కూతురు, ఇస్తరవ్‌షన్‌లో ఇచ్చారు. చంటిదాన్నెత్తుకుని పరుగెత్తుకొచ్చింది. అక్క లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, అతిథికి చెప్పినట్టు స్వాగతం చెప్పింది. మెత్త వేసి కూర్చోబెట్టింది. చంటిదాని బుగ్గ తాకింది. తర్వాత తహ్మీనా రెండు చేతులూ పట్టుకుని, "పాపం, తల్లిని పోగొట్టుకున్నావు. ఆవిడ ఎప్పుడూ నీ గురించే చెప్పేది. నువ్వు పుట్టిన రోజున వాన పడిందని, మీ నాన్న ఆసుపత్రి గోడ కింద తడిసి ముద్దయ్యాడని. అన్నీ చెప్పింది నాకు," అంది.

"అమ్మా, ఆ వానలో నన్ను కన్నది నువ్వే కదా?"

"సనోబర్ కన్నది తల్లీ. నాకెలా కుదురుతుంది?"

తహ్మీనా పిల్లను నా ఒళ్ళో పడేసి వీధి గోడ దాకా వెళ్ళి, అక్కడ ముఖం గోడకానించి నిలబడిపోయింది. ఊరికే ఉండలేక అక్క నాతో, వెళ్ళి ఓదార్చు రైహోన్, తల్లి పోయిన పిల్ల కదా అంది.

తహ్మీనా వారం ఉండి, మందు ఎలాగైనా తెప్పిస్తానని చెప్పి వెళ్ళింది. ఆ లోపల అక్క సగానికి సగం అయిపోయింది. గాజులు మోచేతి దాకా జారేవి. నీళ్ళు మాత్రం పెదాలు తడిపితే మింగేది. బావగారు చెంచాతో పట్టుకుని గంటలు గంటలు ఆమె ముందు కూర్చునేవాడు. బతిమాలాడు, అరిచాడు, ఒకసారి కాళ్ళు కూడా పట్టుకున్నాడు. ఆమెకు ఆయన మీద జాలి తప్ప ఇంకేమీ కలగలేదు. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఆయన గొంతు పెరగడం నేను వినలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె ఆయనతో, ఒకటడుగుతాను దొముల్లా అంది. ఆ మాటకే ఆయన ముఖం వెలిగింది. ఏం కావాలో చెప్పమన్నాడు.

"సనోబర్ పోయి ఇన్నాళ్ళయింది. ఎవరూ ఏడవలేదు. దినం పెట్టలేదు. గుప్పెడు పలావు వండి నలుగురికి పెట్టలేదు. ఆవిడ మీకు ఇంత చేసింది, మీరు చేసేది ఇదా?"

ఆయన సాయంత్రం నా దగ్గరికొచ్చి, పలావుకు సరిపడా బియ్యమున్నాయా అని అడిగాడు. ఎవరింటికండీ అన్నాను.

"మనింటికే. సనోబర్ పేరు మీద."

"బావగారూ, బతికున్న మనిషికి దినం పెడతారా ఎవరైనా?"

"ఆకలితో పోతే ఎలాగూ వండాలి కదమ్మా," అన్నాడు. "ఇప్పుడే వండితే తింటుందేమో."

మా ఆయన షరీఫ్ చాలా గొడవపడ్డాడు. అన్నా, నోటితో చావును పిలిస్తే రాకుండా ఉంటుందా అన్నాడు. చేతులారా చేసుకోవడమే ఇది అన్నాడు. బావగారు అన్నీ విని, నీ దగ్గర ఇంకేదైనా దారుంటే చెప్పు, అదే చేస్తాను అన్నాడు. షరీఫ్ ఆ రోజు నది ఒడ్డుకు వెళ్ళిపోయి పొద్దుపోయాక గానీ రాలేదు. మసీదు ఇమామ్ ఇది పాపమని కబురు పంపాడు. ఓతిన్ అవ్వ మాత్రం చాలాసేపు తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుని, చావు దువా నేను చదవను, తిండి ముందు చదివేది చదువుతాను, అది ఎవరి కోసమో అల్లాకు తెలుసు అంది.

పేటలో ఆడవాళ్ళు కొందరే వచ్చారు. రానివాళ్ళను తప్పుపట్టలేను. వచ్చినవాళ్ళు చావుకు కట్టే నీలం బట్టలు కట్టుకుని, నడుముకు గుడ్డ బిగించుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గోడ వెంబడి కూర్చున్నారు. బావగారు పొడుగు అంగీ వేసుకుని, నడుముకు గుడ్డ చుట్టుకుని, చేతికర్రతో గేటు దగ్గర నిలబడ్డాడు, భార్య పోయిన మగవాడు నిలబడ్డట్టు. వచ్చిన ప్రతి మనిషికీ ఆయన చెప్పాలి. "సనోబర్ వెళ్ళిపోయింది," అని చెప్పాడు. మొదటిసారి నేల చూస్తూ చెప్పాడు. తర్వాత తలెత్తి చెప్పాడు.

అక్క కూడా నీలం బట్టలు కట్టుకుని ఆ వరసలో చివర కూర్చుంది. తర్వాత ఆమే అందుకుంది. మా వైపు ఆడవాళ్ళు చావింట్లో రాగం తీసి పోయినవాళ్ళ గుణాలు చెప్పి ఏడుస్తారు. ఆమె సనోబర్ గురించి చెప్పి ఏడ్చింది. మల్బరీ చెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్ల అని, అత్తగారి పక్షవాతానికి పదేళ్ళు పక్కబట్టలు ఉతికిన కోడలని, మొగుణ్ణి ఏడిపించకుండా ఒక్కపూట కూడా అన్నం పెట్టలేదని, ఆయన నవ్వితే తప్ప తను తినలేదని. నటించడానికి వచ్చిన ఆడవాళ్ళంతా నిజంగా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అంత బాగా తెలిసిన మనిషి కోసం మేమంతా ఏడుస్తుంటే, ఆ మనిషే మాకు ఎదురుగా కూర్చుని మాకంటే ఎక్కువ ఏడుస్తోంది. మేం ఎవర్ని ఓదార్చాలి?

అవ్వ చదివింది. చేతులు ముఖాల మీద తిప్పుకున్నాం. బావగారు పలావు పళ్ళెం తనే పట్టుకొచ్చి ఆమె ముందు వంగి పెట్టాడు.

"సనోబర్ పేరు మీద. తినండి," అన్నాడు. ఆమెను 'మీరు' అనడం అదే మొదలు.

ఆమె పళ్ళేన్ని చూసింది. "ఆవిడ ఆత్మ చల్లగా ఉండాలి," అంది. చెయ్యి కడుక్కుని, ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముద్ద చేసుకుంది. తిండి పడక చాన్నాళ్ళయిన కడుపు కదా, ఎక్కువ పెట్టొద్దని అవ్వ నాకు సైగ చేసింది. బావగారు ద్వారం దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆ ముఖంలో సంతోషం ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను.

ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున టీకి, మధ్యాహ్నం రొట్టెకి, సాయంత్రం చారుకి, ప్రతిసారీ ఆయన ఆమె ముందు పెట్టి సనోబర్ పేరు మీద అని చెప్పాలి. చెబితేనే చెయ్యి కడిగేది. ఒకరోజు ఒంట్లో బాగాలేక ఆయన పడుకుంటే ఆ మాట నేను చెప్పి పెట్టాను. ఆమె తినలేదు. ఇంటాయన చెప్పాలి, పోయింది ఆయన భార్య కదా అంది. ఆయన గోడ పట్టుకుని లేచొచ్చి చెప్పాడు.

డాక్టరుకు ఈ సంగతి తెలిసి చాలా కోప్పడ్డాడు. ఒప్పుకోవద్దన్నాను కదా, ఇప్పుడు ఆ నమ్మకం రాయిలా గట్టిపడిపోతుంది అన్నాడు. తినకపోతే చచ్చిపోయేది కదండీ అన్నాడు బావగారు. ఇద్దరి మాటా నిజమే. కాలేజీ సెలవుల ఆఖర్లో తహ్మీనా మందు పంపించింది. వాడాం. అక్కకు నిద్ర పట్టింది, ఒళ్ళు చేసింది, బుగ్గలకు రంగొచ్చింది. తల దువ్వుకుంది. సనోబర్ మాత్రం రాలేదు. ఇల్లు ఊడ్చేది, ముందు నన్నడిగి తందూరు వాడుకునేది, ఇంటివాళ్ళకు బరువు కాకూడదనుకునే చుట్టంలా అన్నిట్లో సాయం చేసేది.

కాలేజీ తెరిచాక బావగారు మొదటి పాఠానికి వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చేశాడు. మా గుమ్మంలో కూర్చుని మంచినీళ్ళడిగాడు. ఏమైందని నేనడగలేదు, ఆయనే చెప్పాడు.

"ఎప్పటిలాగే కళ్ళు మూసుకోమన్నానమ్మా. అన్నీ తీసేశాను. ఏం మిగిలిందన్నాను. ఒక పిల్ల 'నేను' అంది. 'నీకెలా తెలుసు?' అని అడిగాను."

"ఏమంది?"

"ఏమంటుంది? ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎవర్నీ అలా అడగలేదు. బిత్తరపోయింది." నీళ్ళ గిన్నె చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "కళ్ళు తెరవమని చెప్పకుండానే వచ్చేశాను. ఇంకా మూసుకునే ఉన్నారేమో."

నేను నవ్వితే ఆయన కూడా నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. ఆ ఏడాదితో ఉద్యోగం మానేశాడు.

మాలో పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు, నలుగురికీ పంచేస్తారు. చలి మొదలయ్యే ముందు అక్క పెట్టె తెరిచి సనోబర్ బట్టలన్నీ మడతలు పెట్టింది. ఫలానాది ఫలానావాళ్ళకు అని విడదీసింది. బావగారు కాదనలేదు, కాదని ఏం చెప్పగలడు? ఆకుపచ్చా పసుపూ కలిసిన ఇక్కత్ పట్టు గౌను నాకిచ్చింది. తహ్మీనా పెళ్ళికి కుట్టించుకున్నది అది. నేను వద్దన్నాను. ఆమె నొచ్చుకుంది. నువ్వంటే ఆవిడకు ప్రాణం, వేసుకుంటే ఆవిడ ఆత్మకు హాయిగా ఉంటుంది అంది. రెండు రోజులు అదే అడిగింది. మూడో రోజు పట్టు గౌను వేసుకుని, దాని మీద పాత కండువా కప్పుకుని రొట్టెలు కాల్చడానికి వెళ్ళాను. ఆమె వాకిట్లో చెక్కమంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ నన్ను చూసి తృప్తిగా తల ఊపింది.

నేను తందూరులోకి వంగి ఉన్నాను. వెనక గేటు తీసిన చప్పుడైంది. బజారు నుంచి బావగారు వచ్చాడు.

"సనోబర్! లేచావా?" అన్నాడు.

అది నేను ఎన్నో ఏళ్ళు విన్న గొంతు. ఆమెకు జ్వరం వచ్చిన ఆ వసంతం నుంచీ వినని గొంతు. దాన్లో పాత అల్లరంతా ఉంది, ఇప్పుడు ఆమె ఏమని వేళాకోళమాడుతుందోనన్న ఎదురుచూపు కూడా ఉంది. నా చెయ్యి తందూరు లోపలే ఆగిపోయింది. తిరిగితే ఆయన నా ముఖం చూస్తాడు.

అక్క బియ్యం పళ్ళెం కింద పెట్టి లేచింది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది. మెల్లగా నా పక్కకు వచ్చి, ఆయనకు వినబడకుండా నా చెవి దగ్గర, "వెంటనే తిరగకు రైహోన్. ఒక్క నిమిషం ఆగు. పాపం, ఆయనకింకా అలవాటు కాలేదు," అంది.

నేను తిరగలేదు. తందూరు సెగ ముఖానికి కొడుతోంది. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. వెనక ఆయన ఇంకో అడుగు వేయలేదు.